బ్యాడ్జర్ వెంట్రుకల షేవింగ్ బ్రష్షులను పోల్చి చూసే పద్ధతి

మా ఇంట్లో అద్దం కింది గూట్లో రెండు షేవింగ్ బ్రష్షులు పక్కపక్కన ఉంటాయి. రెండింటి కుచ్చుల వ్యాసమూ 24 మిల్లీమీటర్లే, రెండూ బ్యాడ్జర్ వెంట్రుకలతో చేసినవే. ఒకదాని పెట్టె మీద ‘సిల్వర్‌టిప్’ అనీ, రెండోదాని పెట్టె మీద ‘బెస్ట్’ అనీ ముద్రించి ఉంది. మొదటిదానికి రెండోదాని కంటే రెండింతలకు పైగా డబ్బు పెట్టాను. అయినా పొద్దున్నే చెయ్యి వెళ్లేది చవకదాని మీదికే. ఎందుకలా జరుగుతోందో తెలుసుకోవడానికి రెండింటినీ కొలిచి, తడిపి, వారాల తరబడి మార్చి మార్చి వాడి చూశాను. బ్యాడ్జర్ బ్రష్షు చర్మానికి ఎలా తగులుతుందో నిర్ణయించడంలో పెట్టె మీది పేరు కంటే కుచ్చు వ్యాసం, దాని ఎత్తు, వెంట్రుకల ఒత్తు, కొసల తీరు చాలా ముఖ్యమైనవని అప్పుడు తెలిసింది. ఈ నాలుగింటినీ కొనేముందు ఎలా చూడాలో, కొన్నాక ఎలా పోల్చుకోవాలో, పెట్టిన డబ్బుకు తగిన వస్తువు చేతికొచ్చిందో లేదో ఎలా తేల్చుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా పేర్ల సంగతి. బ్యాడ్జర్ నీటికుక్కల కుటుంబానికి చెందిన జంతువు. బ్రష్షుల తయారీకి వాడే బ్యాడ్జర్ వెంట్రుకల్లో అత్యధిక భాగం చైనా నుంచి వస్తుంది. ఆ వెంట్రుకలను రంగు, మందం, కొసల మెత్తదనం చూసి వేరుచేసి ‘ప్యూర్’, ‘బెస్ట్’, ‘సూపర్’, ‘సిల్వర్‌టిప్’ అనే పేర్లతో అమ్ముతారు. సాధారణంగా ప్యూర్ అంటే ముదురు రంగులో, కాస్త మందంగా, గరుకుగా ఉండేది. బెస్ట్ అంటే అంతకంటే సన్నగా, కొసలు లేత రంగులో ఉండేది. సిల్వర్‌టిప్ అంటే కొసలు తెల్లగా, అన్నింటికంటే మెత్తగా ఉండేది. అయితే బంగారానికి హాల్‌మార్క్ ఉన్నట్టు వీటికి అందరూ ఒప్పుకున్న ప్రమాణం ఏదీ లేదు. 1919లో మొదలైన ఇంగ్లండు సంస్థ సింప్సన్ ప్యూర్, బెస్ట్, సూపర్ అనే మెట్లు వాడుకుంటూ వస్తే, 1808 నాటి ఫ్రెంచి సంస్థ ప్లిస్సాన్ ‘యూరోపియన్ గ్రే’, ‘హై మౌంటెన్ వైట్’ వంటి సొంత పేర్లు పెట్టుకుంది. కనుక ఒక సంస్థ చేసిన బెస్ట్ మరో సంస్థ చేసిన సిల్వర్‌టిప్ కంటే మెత్తగా ఉన్నా వింతపడనక్కర్లేదు. ఒకే సంస్థ చేసిన రెండు బ్రష్షులను పోల్చేటప్పుడు ఈ పేరును నమ్మవచ్చు. రెండు వేర్వేరు సంస్థల బ్రష్షులను పోల్చేటప్పుడు మాత్రం దాన్ని పక్కన పెట్టాలి.

‘టూ బ్యాండ్’, ‘త్రీ బ్యాండ్’ అనే మాటలు కూడా కనిపిస్తాయి. కుచ్చును పక్క నుంచి చూసినప్పుడు పైన తెలుపు, మధ్యలో నలుపు, పిడి దగ్గర మళ్లీ తెలుపు కనిపిస్తే అది మూడు పట్టీల వెంట్రుక. పైన తెలుపు, అక్కడి నుంచి పిడి వరకు నలుపే కనిపిస్తే అది రెండు పట్టీలది. రెండు పట్టీల కుచ్చు సాధారణంగా కొంచెం ఎక్కువ బిగువుగా ఉంటుంది. ఈ పట్టీలు సహజమైనవా, అద్దకం వేసినవా అన్నది జాగ్రత్తగా చూసుకోవాలి. సహజమైన కుచ్చులో ఒక్కో వెంట్రుక మీద నలుపు మొదలయ్యే చోటు కొద్దిగా పైకో కిందికో జరిగి ఉంటుంది, అందువల్ల మొత్తం కుచ్చులో తెలుపు నలుపులోకి పొగలా కలిసిపోతుంది. గీత గీసినట్టు ఒకే ఎత్తులో రంగు మారితే అనుమానించాలి, ఎందుకంటే పంది వెంట్రుకలకు నల్ల పట్టీ అద్ది బ్యాడ్జర్‌లా కనిపించేలా చేసిన చవక బ్రష్షులు అంగళ్లలో ఉన్నాయి. గోరువెచ్చని నీళ్లున్న తెల్ల గిన్నెలో పది నిమిషాలు నానబెడితే నాసి అద్దకం నీళ్లలోకి దిగుతుంది. ఈ నకిలీల కథ పాతదే. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్యాడ్జర్ వెంట్రుకలు దొరకడం కష్టమైనప్పుడు గుర్రపు వెంట్రుకలతో వాటిని పోలిన బ్రష్షులు చేసి అమ్మారు. సరిగా శుద్ధి చేయని అలాంటి బ్రష్షుల వల్ల సైనికులకూ సామాన్యులకూ ఆంత్రాక్స్ సోకింది.

ఇక అసలైన కొలతలకు వద్దాం. మొదటిది కుచ్చు పిడిలోంచి బయటికి వచ్చే చోట దాని వ్యాసం. చాలా బ్రష్షులకు ఇది 20 నుంచి 28 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. రెండోది ఎత్తు, అంటే పిడి అంచు నుంచి కుచ్చు శిఖరం వరకు ఉన్న పొడవు. ఇది సాధారణంగా 45 నుంచి 60 మిల్లీమీటర్లు. ఈ రెండింటిలో ఏ ఒక్కటీ విడిగా ఏమీ చెప్పదు. ఎత్తును వ్యాసంతో భాగించి చూడండి. ఫలితం రెండుకు తక్కువగా వస్తే ఆ కుచ్చు పొట్టిగా, గట్టిగా నిలబడి, ముఖం మీద నొక్కినప్పుడు తిరిగి తోస్తుంది. రెండుంపావు దాటితే అది వాలిపోయే స్వభావం కలిగి, పెయింటు వేసే కుంచెలా ఒయ్యారంగా ఊగుతుంది. సింప్సన్ వారి చబ్బీ 2 అనే నమూనాకు వ్యాసం సుమారు 27, ఎత్తు సుమారు 50 మిల్లీమీటర్లు. వెంట్రుకలు ఎంత ఒత్తుగా దట్టించి ఉంటాయంటే దాన్ని తొలిసారి నొక్కినవాళ్లు దిండును నొక్కినట్టు ఉందంటారు. 1777 నుంచి బ్రష్షులు చేస్తున్న కెంట్ సంస్థ వారి సిల్వర్‌టిప్ నమూనాలు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అవి మెత్తగా, వదులుగా వాలిపోతాయి. రెండూ ఇంగ్లండు సంప్రదాయానికి చెందినవే, రెండూ పేరున్నవే, కానీ ఒకదాన్ని ప్రేమించిన మనిషికి రెండోది నచ్చకపోవచ్చు.

మీకు ఏది నప్పుతుందో తేల్చేది నురగ తీసే అలవాటు. సబ్బును బ్రష్షుతో రుద్ది నేరుగా ముఖం మీదే నురగ తీసేవారికి బిగువు కావాలి, కొసలు చర్మం మీద పనిచేస్తున్నట్టు తెలియాలి. అలాంటివారు 22 నుంచి 24 మిల్లీమీటర్ల వ్యాసం, దానికి రెండింతలకు కాస్త తక్కువ ఎత్తు ఉన్నదాన్ని చూసుకోవడం మేలు. గిన్నెలో నురగ కలిపి ముఖానికి పూసేవారికి ఎత్తైన, వదులైన కుచ్చు హాయిగా ఉంటుంది, గిన్నె అంచులకు వేళ్లు తగలకుండా పొడవు కూడా కలిసి వస్తుంది. ట్యూబులోని క్రీం వాడేవారికి ఏదైనా సరిపోతుంది. గట్టి సబ్బు బిళ్ల మీద మాత్రం మరీ మెత్తని కుచ్చు జారిపోతూ సబ్బును సరిగా ఎత్తుకోదు. నా సిల్వర్‌టిప్ మీద నేను అలిగే కారణం ఇదే. దాని కొసలు పట్టులా ఉంటాయి, కానీ బిళ్ల మీద ముప్ఫై చుట్లు తిప్పినా దానికి సబ్బు అంటేది కొంచెమే. బెస్ట్ బ్రష్షు అదే పని పది పన్నెండు చుట్లలో ముగిస్తుంది.

వ్యాసం, ఎత్తు స్కేలు మీద తెలిసినంత తేలికగా ఒత్తు కంటికి కనిపించదు. అంగట్లో అనుమతిస్తే బొటనవేలూ చూపుడువేలూ కుచ్చు మొదట్లో పెట్టి నెమ్మదిగా నొక్కండి. వేళ్ల మధ్య ఖాళీ లేకుండా వెంటనే అడ్డుకుంటే ఒత్తు బాగున్నట్టు. తర్వాత కొసల్ని పక్కలకు విప్పి లోపలికి చూడండి. మధ్యలో వెంట్రుకలు పలచబడి గుంటలా కనిపించకూడదు. కొందరు తయారీదారులు పిడి లోపల జిగురు ఎక్కువగా పోస్తారు, అది వెంట్రుకల మధ్య గడ్డకట్టి గుబ్బలా పైకి వస్తుంది. వేళ్లకు గట్టిగా తగిలే ఆ గుబ్బ ఎంత ఎత్తుంటే కుచ్చు వంగగలిగే పొడవు అంత తగ్గిందని లెక్క వేసుకోవాలి. ఇంటర్నెట్లో కొనేటప్పుడు ఇవన్నీ చేత్తో చూసే వీలుండదు కనుక, వ్యాసం, ఎత్తు రెండూ మిల్లీమీటర్లలో రాయని అమ్మకందారు దగ్గర ఖరీదైన బ్రష్షు కొనవద్దని నా గట్టి సలహా. సరుకు రాగానే స్కేలుతో కొలిచి సరిచూసుకోవాలి.

కొసల గురించి కాస్త ఎక్కువగానే చెప్పాలి, ఎందుకంటే ముఖానికి తగిలేది కొసలే. బ్యాడ్జర్ వెంట్రుక మధ్యలో మందంగా ఉండి రెండు చివరలకూ సన్నబడుతుంది. ఆ సహజమైన సన్నదనమే మెత్తదనానికి మూలం. చేత్తో కుచ్చు కట్టేవారు వెంట్రుకల కొసల్ని ఒక అచ్చు గిన్నెలోకి దించి, కింది భాగాన్ని మాత్రమే కత్తిరించి, గుండ్రని ఆకారం తెస్తారు. శ్రమ తగ్గించుకోవాలనుకున్నవారు పై కొసల్నే కత్తెరతో గుండ్రంగా చేస్తారు. అలా కత్తిరించిన వెంట్రుక చివర మొద్దుగా తయారై తడిసినా గుచ్చుతుంది. పిల్లలు బడికి తీసుకెళ్లే భూతద్దం చాలు దీన్ని పట్టుకోవడానికి: వెలుతురుకు ఎదురుగా కుచ్చును పట్టుకుని శిఖరం వైపు చూస్తే సహజమైన కొసలు సూదిలా సన్నబడి, చివరికి కనీకనిపించకుండా మాయమవుతాయి; కత్తిరించినవి వరి దుబ్బుల్లా ఒకే మట్టంలో ఆగిపోతాయి. కొన్ని కుచ్చులకు కొసలు తడిసినప్పుడు జిగటగా, జెల్లీలా ఒకదానికొకటి అంటుకునే గుణం ఉంటుంది, దాన్ని జెల్ కొసలంటారు. అది చాలామందికి ఎంతో ఇష్టం. రసాయనాలతో మెత్తబరచి ఆ గుణం తెచ్చిన కుచ్చులూ ఉన్నాయి, కాబట్టి దాని కోసమే రెట్టింపు డబ్బు పెట్టనవసరం లేదని నా అభిప్రాయం.

గరుకుకూ గుచ్చుకోవడానికీ తేడా తెలుసుకోవడం ఈ పోలికలో చాలా అవసరం. గరుకు అంటే పిల్లి నాలుక తగిలినట్టు కుచ్చు అంతా కలిసి చర్మాన్ని గీరడం. అది గడ్డపు వెంట్రుకల్ని లేపి నురగను వాటి మొదళ్లకు చేరుస్తుంది, చాలామందికి హాయిగానూ ఉంటుంది. గుచ్చుకోవడం అంటే విడివిడి వెంట్రుకలు ఒక్కొక్కటిగా పొడవడం. అది వారం గడిచినా తగ్గకపోతే బ్రష్షు లోపమే. బ్రష్షును పొడిగా చెంపకు రాసుకుని తీర్పు చెప్పకూడదు. పొడిగా గరుకనిపించిన కుచ్చు తడిశాక మెత్తగా మారడం మామూలే.

కొత్త బ్రష్షు ఇంటికి రాగానే కొద్దిగా షాంపూతో రెండుసార్లు కడిగి, నురగ తీసి, రాత్రంతా అలాగే ఆరనివ్వండి. బ్యాడ్జర్ వెంట్రుకలకు తడిసిన మేక వాసన లాంటిది ఒకటి ఉంటుంది, నాలుగైదు వాడకాలకు అది పోతుంది. మొదటి వారంలో కొన్ని వెంట్రుకలు రాలడం సహజం. నెల దాటినా రోజూ రెండు మూడు ముఖానికి అంటుకుంటూ ఉంటే జిగురు సరిగా పట్టలేదని అర్థం. నేను ఒకసారి పేరు బాగా వినిపించే అమ్మకందారు దగ్గర కొన్న బ్రష్షు నలభై రోజులకు మధ్యలో నాణెమంత బోడి అయిపోయింది. ఫొటోలు తేదీలతో సహా దాచి ఉంచాను కనుకే డబ్బు తిరిగి వచ్చింది. మీరూ మొదటి రోజున కుచ్చు శిఖరం ఫొటో ఒకటి తీసి పెట్టుకోండి.

ఇప్పుడు ఇంట్లో పోల్చే పద్ధతి. ఒకే రోజు ఒక చెంపకు ఒకటి, మరో చెంపకు ఇంకొకటి వాడి చూస్తే తేడా వెంటనే తెలుస్తుందని అనిపిస్తుంది, కానీ చర్మం మొదటి స్పర్శకే అలవాటుపడిపోతుంది, రెండోది ఎప్పుడూ వేరుగానే తోస్తుంది. ఒక్కో బ్రష్షును వరుసగా ఏడు రోజులు, అదే సబ్బుతో, అదే నీటితో, అదే బ్లేడు రకంతో వాడడం మంచిది. గోరువెచ్చని నీళ్లలో ఒక నిమిషం ముంచి, పైకెత్తి, పిడి పట్టుకుని రెండుసార్లు విదిలించండి. చెయ్యి భరించగలిగినంత వేడి చాలు, మరిగే నీళ్లు వెంట్రుకనూ జిగురునూ పాడుచేస్తాయి. విదిలించిన బ్రష్షును ఎడమ అరచేతి మీద నిలువుగా పెట్టి, కుచ్చు సగం ఎత్తుకు వంగే వరకు నొక్కండి. ఇక్కడ మూడు విషయాలు తెలుస్తాయి. వేళ్ల సందుల్లోకి నీరు ఒక్కసారిగా కారిపోతే ఆ కుచ్చు నీటిని నిలుపుకోలేదు. చెమ్మ మెల్లగా అంచుల నుంచి ఊరితే బాగా నిలుపుకుంటుంది. నొక్కడం ఆపగానే కుచ్చు తనంతట తాను లేచి నిలబడితే బిగువుంది. ఒక పక్కకు వాలి ఉండిపోతే లేదు. చర్మం మందంగా ఉండే అరచేతి మధ్యలోనే ఏదైనా వెంట్రుక విడిగా పొడిస్తే అది రేపు గొంతు మీద ఇంకా ఎక్కువ పొడుస్తుంది.

ఆ తర్వాత సబ్బు. తిప్పిన చుట్లు లెక్కపెట్టుకోండి. ముఖం మీద మూడోసారి నురగ పూసేటప్పుడు బ్రష్షు తనంతట తాను నురగ ఇస్తోందా, లేక పిండవలసి వస్తోందా చూడండి. మరీ ఒత్తైన పెద్ద కుచ్చులతో వచ్చే ఇబ్బంది ఇదే. నురగ వాటి కడుపులోనే ఉండిపోతుంది, పూసేసరికి ముఖానికి చాలదు, కడిగేటప్పుడు మాత్రం గుప్పెడు బయటికి వస్తుంది. ఈ నాలుగు మాటలు, అంటే చుట్ల లెక్క, మూడోసారి నురగ, గొంతు మీద స్పర్శ, ఆరడానికి పట్టిన సమయం, రోజూ ఒక కాగితం మీద రాసుకుంటే రెండు వారాల తర్వాత జ్ఞాపకం మీద ఆధారపడే పనుండదు.

మన వైపు వాళ్లు ఒక సంగతి ప్రత్యేకంగా గమనించాలి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో సబ్బు సరిగా నురగెత్తదని అందరికీ తెలుసు. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి నీటిలో కరగని తెట్టుగా మారతాయి. ఆ తెట్టు కుచ్చు మొదట్లో పేరుకుని వెంట్రుకల్ని బిరుసుగా చేస్తుంది, అప్పుడు ఎంత మంచి సిల్వర్‌టిప్ అయినా చీపురులా తోస్తుంది. కాబట్టి బ్రష్షును నిందించే ముందు తాగే ఆర్‌ఓ నీళ్లు ఒక గ్లాసు వేడిచేసి వాటితో ఒకసారి నురగ తీసి చూడండి. తేడా గట్టిగా కనిపిస్తే తప్పు నీటిది. వాడిన బ్రష్షు బిరుసెక్కితే ఒక వంతు తెల్ల వెనిగర్‌కు పది వంతుల గోరువెచ్చని నీరు కలిపి, కుచ్చును మాత్రమే ఐదు నిమిషాలు ముంచి, వేళ్లతో మెల్లగా విప్పుతూ కడిగితే తెట్టు వదులుతుంది.

డబ్బు లెక్క ఇలా వేయండి. 6,000 రూపాయల బ్రష్షును ఏడాదికి 300 సార్లు చొప్పున పదేళ్లు వాడితే ఒక్కో గడ్డానికి రెండు రూపాయలు. 2,500 రూపాయల బ్రష్షు అదే వాడకానికి ఐదేళ్లు వచ్చినా రూపాయి అరవై ఏడు పైసలే పడుతుంది, పైగా మధ్యలో మనసు మారితే నష్టం తక్కువ. విదేశం నుంచి తెప్పిస్తే రవాణా ఖర్చు, దిగుమతి సుంకం కూడా ఈ లెక్కలో కలపాలి. పెద్ద కుచ్చు తినే అదనపు సబ్బును కూడా మరవకూడదు. పిడి కొమ్ముతో చేశారా, రెజిన్‌తో చేశారా అన్నది స్పర్శకు ఏ మాత్రం సంబంధం లేని విషయం. అందానికి డబ్బు పెట్టవచ్చు, కానీ అది అందానికేనని తెలిసి పెట్టాలి. ఇంట్లో తాతగారి కాలం నాటి మంచి పిడి ఉంటే, విడిగా అమ్మే కుచ్చును కొని, పాతదాన్ని తవ్వి తీసి, ఎపాక్సీ జిగురుతో కొత్తది నిలిపితే చాలా తక్కువ ఖర్చుతో గొప్ప బ్రష్షు తయారవుతుంది. ఎత్తును కూడా మన ఇష్టప్రకారం నిర్ణయించుకోగలగడం అందులోని పెద్ద లాభం.

మొత్తం మీద తొలిసారి కొనేవారికి నేను చెప్పేది, పేరున్న సంస్థ చేసిన ఒత్తైన బెస్ట్ రకం, 22 లేదా 24 మిల్లీమీటర్ల వ్యాసంలో. ప్యూర్ రకంలో చవకవి చాలావరకు కొసలు కత్తిరించినవే కావడంతో వాటితో మొదలుపెట్టినవారు బ్యాడ్జరంటేనే విసుగు చెందుతారు. సిల్వర్‌టిప్‌ను సున్నితమైన చర్మం ఉన్నవారు, గిన్నెలో నురగ తీసేవారు కొనుక్కోవచ్చు.

కొనే ముందు ఆలోచించవలసిన మరో విషయం ఉంది. బ్రిటన్లో బ్యాడ్జర్లకు 1992 నాటి చట్టం రక్షణ ఇస్తుంది. మన ఈశాన్య రాష్ట్రాల్లో తిరిగే హాగ్ బ్యాడ్జర్ కూడా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జంతువే. చైనా నుంచి వచ్చే వెంట్రుకల వెనుక జంతువులు పడుతున్న హింసను 2018లో జంతు హక్కుల సంస్థ పెటా ఆసియా వీడియోలతో బయటపెట్టాక కొన్ని సంస్థలు ఈ బ్రష్షులు అమ్మడం మానేశాయి. ఆ దృశ్యాల గురించి తెలిశాక నేను ఉన్న రెండింటినీ జాగ్రత్తగా వాడుకుంటున్నాను, మూడోది మాత్రం కృత్రిమ నారది తెచ్చుకున్నాను. ఇప్పటి కృత్రిమ నార కొసలు బ్యాడ్జర్ కంటే మెత్తగా ఉంటాయి, నానబెట్టే పనిలేదు, గంటల్లో ఆరిపోతుంది, ధర చాలా తక్కువ. నీటిని నిలుపుకోవడంలో, గరుకులోని హాయిలో మాత్రం అది బ్యాడ్జర్‌కు ఇంకా సాటిరాదు. పోలిక పెట్టేటప్పుడు దాన్ని కూడా వరుసలో ఉంచడం న్యాయం.

వాడిన తర్వాత ధారగా పడే నీటి కింద సబ్బు పూర్తిగా పోయేదాకా కడిగి, విదిలించి, తువ్వాలు మీద ఇటూ అటూ నాలుగుసార్లు రాసి, గాలి తగిలే చోట నిలబెట్టండి. తలకిందులుగా వేలాడదీయాలన్న నియమమేమీ లేదు. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి ఊళ్లలో, వానాకాలంలో, కుచ్చు మధ్య భాగం ఆరడానికి ఒక రోజు చాలదు. అలాంటప్పుడు రెండు బ్రష్షుల్ని రోజు మార్చి రోజు వాడితే బూజు వాసన రాదు, రెండూ ఎక్కువ కాలం మన్నుతాయి. ప్రయాణాల్లో తడి బ్రష్షును మూత బిగించిన గొట్టంలో పెట్టవలసి వస్తే, చేరిన వెంటనే బయటికి తీసి కిటికీ దగ్గర ఉంచాలి.